ముందు చెయ్యి, తర్వాతే బుర్ర | ‘ఫారన్‌హీట్ 451’ రివ్యూ

నమస్తే అండి. ఈరోజు రే బ్రాడ్‌బరీ నవల ‘ఫారన్‌హీట్ 451’ గురించి మాట్లాడుకుందాం. 1953లో వచ్చింది. ఇందులో ఫైర్‌మెన్ మంటలు ఆర్పరు, పుస్తకాలు తగలబెడతారు. హీరో మాంటాగ్ పదేళ్లుగా చేస్తున్నది అదే పని, అదీ ఇష్టంగా.

ఇలాంటి కథల్లో హీరోకి ఠక్కున కళ్లు తెరుచుకుంటాయి, వెంటనే ఓ పెద్ద డైలాగ్ కొడతాడు. నాకు మహా చిరాకు. ఇక్కడ ఆ గొడవ లేదు. పక్కింటి అమ్మాయి క్లారిస్ “మీరు సంతోషంగా ఉన్నారా?” అని అడిగేసి వెళ్లిపోతుంది. ఇదేం ప్రశ్న అని నవ్వుకుంటూ ఇంట్లోకొస్తాడు. చీకటి బెడ్‌రూమ్‌లో కాలికి ఏదో తగులుతుంది. నిద్రమాత్రల సీసా. ఆ రోజే 30 మాత్రలున్నాయి, ఇప్పుడు ఖాళీ. మింగింది భార్య మిల్డ్రెడ్. ఫోన్ చేస్తే డాక్టర్ రాడు, మెషిన్ పట్టుకుని ఇద్దరు పనివాళ్లొస్తారు. ఒకడు సిగరెట్ కాలుస్తూనే పని కానిస్తాడు. రాత్రికి తొమ్మిదో పదో కేసులుంటాయట, వాళ్లకిది మామూలే. తెల్లారాక మిల్డ్రెడ్‌కి ఏమీ గుర్తుండదు. ఎందుకో బాగా ఆకలేస్తోంది అంటుంది!

తర్వాత ఒక ముసలావిడ ఇంట్లో పుస్తకాలు కాల్చడానికి వెళ్లినప్పుడు, మాంటాగ్ చెయ్యి దానంతటదే ఒక పుస్తకం లాగి చంకలో దాచేస్తుంది. దొంగతనం చేసింది చెయ్యే అన్నట్టు రాశాడు బ్రాడ్‌బరీ. బుర్రకి కబురు ఆలస్యంగా అందుతుంది. ఎంత నిజం!

నన్ను ఆపేసిన సీన్ మాత్రం వేరే. ఫేబర్ అనే పాత ప్రొఫెసర్ ఇచ్చిన బుల్లి రేడియో పెట్టుకుంటాడు మాంటాగ్. ఇక ఆయన చెవిలో చెబుతుంటాడు, ఇతను వింటుంటాడు. మిల్డ్రెడ్ చెవుల్లోనూ అలాంటివే మోగుతుంటాయని మర్చిపోకండి. అప్పుడు మాంటాగ్‌కి అనుమానమొస్తుంది: పార్టీ మారి, మళ్లీ ఎవరో చెప్పిందే చేస్తుంటే ఏం లాభం? నా అంతట నేను ఆలోచించేదెప్పుడు? ఆ మాట అన్నావంటే మొదలెట్టేసినట్టేలే అంటాడు ఫేబర్. పుస్తకం మూసి కాసేపు అలాగే కూర్చుండిపోయా.

మాంటాగ్ పై అధికారి కెప్టెన్ బీటీ లెక్చర్లు కొంచెం ఎక్కువే, ఓపిక పట్టండి. నా అసలు కంప్లైంట్ క్లారిస్ గురించి. కథ ఊపందుకోకముందే ఆమెని మాయం చేసేశాడు బ్రాడ్‌బరీ. కారు గుద్దిందనుకుంటా, నాలుగు రోజులైంది, చెప్పడం మర్చిపోయా అంటుంది మిల్డ్రెడ్, తాపీగా. ఆ లైన్ అదిరింది, కాదనను. కానీ ఆ పిల్లకి అన్యాయం జరిగింది. 1966లో ఫ్రెంచ్ డైరెక్టర్ ట్రూఫో ఈ నవలనే తీసిన సినిమాలో ఆమెని బతికించారు. ఈ ఒక్క విషయంలో నా ఓటు సినిమాకే.