కాలువ పలక నుంచి పందిరి కర్ర దాకా: పండగ ముందు వచ్చిన ఫోన్లు

(వారం వారం వచ్చే ఫోన్-ఇన్ కార్యక్రమం నుంచి. విజయనగరం, దసరాకి ముందు వారం. జవాబులు చెప్పినవారు మున్సిపల్ శాఖలో పనిచేసి రిటైరైన అధికారి. ఫోన్ చేసినవాళ్ల పేర్లు తీసేసి పేటల పేర్లు మాత్రం ఉంచాం.)

యాంకర్: నమస్కారం. దసరా వెళ్లిన మంగళవారమే పైడితల్లి అమ్మవారి సిరిమాను, అదే, పొడవాటి మాను చివర పూజారిని కూర్చోబెట్టి ఊరేగించే ఉత్సవం. ఈ రోజు ఫోన్లలో సగం పండగ గురించే ఉంటాయని సార్ ముందే అన్నారు. చూద్దాం. మొదటి కాల్ దాసన్నపేట నుంచి. చెప్పండమ్మా.

దాసన్నపేట: హలో... వినబడుతోందా బాబూ?

యాంకర్: వినబడుతోందమ్మా. మీ వెనకాల టీవీ సౌండ్ కొంచెం తగ్గించండి.

దాసన్నపేట: తగ్గించాను. మా వీధి కాలువ పొంగి నీళ్లు రోడ్డు మీదకి వచ్చేస్తున్నాయి. పండక్కి కూతుళ్లు, అల్లుళ్లు వస్తారు కదా. తుడవడానికి వచ్చే అమ్మాయికి చెప్పాను, శానిటేషన్ మేస్త్రీకి చెప్పాను. రేపు రేపు అంటారు. ఆ రేపు రావడం లేదు.

సార్: అమ్మా, పొంగుతున్నది పూడిక వల్లా, లేకపోతే కాలువ మీద కప్పిన పలక ఏదైనా విరిగి అడ్డం పడిందా?

దాసన్నపేట: రెండూనూ. పక్కింటి ఎదురుగా పలక విరిగి లోపల పడింది. చెత్తంతా అక్కడే ఆగుతోంది.

సార్: అదీ సంగతి. పూడిక తీయడం శానిటేషన్ వాళ్ల పని. విరిగిన పలక తీసి కొత్తది వేయడం ఇంజినీరింగ్ వాళ్ల పని. పలక సంగతి మేస్త్రీకి చెబితే పాపం ఆయన మాత్రం ఏం చేస్తాడు? మీ వార్డు సచివాలయంలో శానిటేషన్ సెక్రటరీ ఒకరు, ఎమినిటీస్ సెక్రటరీ ఒకరు ఉంటారు. చెత్త, కాలువ శుభ్రం మొదటివారు చూస్తారు. మంచినీళ్లు, రోడ్లు, వీధి దీపాలు, ఈ పలకలు రెండోవారివి. అందుకని రెండు కాగితాలు ఇవ్వండి. రెండు సంగతులూ ఒకే కాగితంలో రాస్తే అది ఈ బల్ల మీద నుంచి ఆ బల్ల మీదకి తిరుగుతూనే ఉంటుంది. సర్వీసులో ఉన్నన్నాళ్లూ చూశాను ఆ తిరుగుడు.

దాసన్నపేట: నాకు రాత రాదు బాబూ.

సార్: మనవలు ఎవరైనా ఉన్నారా ఇంట్లో? ఫోన్‌లో పురమిత్ర అని యాప్ ఉంది. ఫొటో తీసి అందులో పెట్టమనండి. ఫిర్యాదు నంబరు వస్తుంది. ఆ నంబరు కేలండర్ మీద రాసుకోండి. కాగితం ఇచ్చినా సరే, నంబరు గానీ రసీదు గానీ లేకుండా అక్కడి నుంచి లేవకండి. నోటితో చెప్పింది ఆఫీసులో ఎక్కడా ఎక్కదు. చోటు చెప్పేటప్పుడు "మా ఇంటి దగ్గర" అంటే వాళ్లకి తెలియదు. దగ్గర్లో కరెంటు స్తంభానికి నంబరు ఉంటే అది రాయించండి, లేదా గుడో, కొట్టో ఏదో ఒక గుర్తు చెప్పండి. అప్పటికీ కదలకపోతే సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకుంటారు. పాత నంబరు చూపించి అక్కడ ఇవ్వండి. కొత్త అర్జీ కంటే, జవాబు రాని పాత నంబరున్న అర్జీకి బరువు ఎక్కువ.

దాసన్నపేట: ఇంకో మాట బాబూ. ఆ పక్కింటివాళ్లు కారు ఎక్కించుకోడానికి కాలువ మీద సిమెంటు ర్యాంపు పోసేశారు. చెప్తే గొడవ.

సార్: (నవ్వు) ఈ మాట ముందు చెప్పాల్సింది తల్లీ. ర్యాంపు కింద పార వెళ్లదు. ఎన్నిసార్లు పూడిక తీయించినా ఆ నాలుగు అడుగులూ అలాగే ఉండిపోతాయి. అది టౌన్ ప్లానింగ్ వాళ్లు చూడాలి, అంటే మూడో కాగితం. కానీ పండగ ముందు కాగితం పెడితే ఇరుగూ పొరుగూ మాటలు ఆగిపోతాయి. ముందు ఓసారి మెల్లగా చెప్పి చూడండి. సిమెంటు బదులు ఇనుప జాలీ వేయించుకోమనండి. కారు ఎక్కుతుంది, పూడిక తీసే రోజున ఎత్తి పక్కన పెట్టొచ్చు. వినకపోతే అప్పుడు కాగితం.

యాంకర్: తర్వాతి కాల్ తోటపాలెం నుంచి. చెప్పండి.

తోటపాలెం: నమస్తే సార్. మేం కుర్రాళ్లం కలిసి వీధిలో దుర్గమ్మని పెడుతున్నాం. పర్మిషన్ పోలీసు స్టేషన్‌లో తీసుకుంటే చాలా, కార్పొరేషన్‌కి కూడా వెళ్లాలా? ఒక్కొక్కరు ఒక్కోలా చెప్తున్నారు.

సార్: పందిరి రోడ్డు మీదా, ఖాళీ స్థలంలోనా తమ్ముడూ?

తోటపాలెం: రోడ్డు మీదే సార్. సగం రోడ్డు వస్తుంది.

సార్: అయితే ఇద్దరి దగ్గరకీ వెళ్లాలి. పోలీసులు చూసేది జనం, ట్రాఫిక్, మైకు, నిమజ్జనం దారి. రోడ్డు కార్పొరేషన్‌ది కాబట్టి దాన్ని ఆక్రమించడానికి వాళ్ల మాట కావాలి. బ్యానర్లు కడితే అదీ వాళ్లకే చెప్పాలి. కరెంటుకి ఈపీడీసీఎల్ దగ్గర తాత్కాలిక కనెక్షన్ తీసుకోండి, స్తంభం మీద కొక్కెం మాత్రం వద్దు. వానాకాలం వెళ్లీ వెళ్లని రోజులు, ఇనుప గొట్టాల పందిరి, తడి నేల, చుట్టూ పిల్లలు. డబ్బు మిగలడం సంగతి తర్వాత, ప్రాణం సంగతి చూడండి. సగం రోడ్డు అన్నారు, ఆ మిగిలిన సగంలో అంబులెన్సు పడుతుందా?

తోటపాలెం: ఆటో పడుతుంది సార్.

సార్: ఆటో చాలదు. పందిరి ఇంకాస్త లోపలికి జరపండి. ఇంకోటి, సిమెంటు రోడ్డుకి కన్నాలు పొడిచి కర్రలు పాతకండి. పండగైపోయాక ఆ కన్నాలు ఎవరూ పూడ్చరు. నీళ్లు దిగి రోడ్డు అక్కడి నుంచే లేచిపోతుంది. డ్రమ్ముల్లో ఇసక పోసి వాటిలో నిలబెట్టండి.

తోటపాలెం: అలాగే సార్. డీజే గురించి ఏమైనా...

సార్: అడుగుతావని తెలుసు! రాత్రి 10 నుంచి పొద్దున్న 6 వరకు బయట మైకు మోగకూడదు. 2000 సంవత్సరం నాటి శబ్ద కాలుష్య నిబంధనల్లో ఉంది అది. పండగలకని ఏడాదిలో 15 రోజులకి మించకుండా రాత్రి 12 వరకు సడలింపు ఇచ్చే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి ఉంది. కానీ ఆ సడలింపు నీకు నువ్వు ఇచ్చుకునేది కాదు. ఇళ్ల మధ్య పగలైతే 55 డెసిబెళ్లు, రాత్రి 45. మామూలుగా మాట్లాడుకుంటేనే 55, 60 అవుతుంది, మరి డీజే ఎంతో నువ్వే ఆలోచించుకో. నన్నడిగితే ఒక సాయంత్రం హరికథ పెట్టించండి. హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు గారి ఊరు మనది. 1919లో మహారాజా వారు పెట్టిన సంగీత కళాశాలకి మొదటి ప్రిన్సిపాల్ ఆయనే. ఆ కాలేజీలో అడిగితే పాడేవాళ్లు, వాయించేవాళ్లు దొరక్కపోరు. డీజే అద్దె కంటే తక్కువే అవుతుంది.

తోటపాలెం: మా వాళ్లు ఒప్పుకోరు సార్.

సార్: ఒక్క రోజే అన్నాను కదా. ఆ ఒక్క రోజు మీ అమ్మమ్మలు వచ్చి కూర్చుంటారు, చందాలు కూడా ఎక్కువ వస్తాయి.

యాంకర్: (నవ్వు) ఇది మంచి పాయింట్. కంటోన్మెంట్ నుంచి ఇంకొకరు లైన్లో ఉన్నారు.

కంటోన్మెంట్: సార్, పాత ఇల్లు కొన్నాను. రిజిస్ట్రేషన్ అయిపోయింది. పన్ను నోటీసు ఇంకా అమ్మినాయన పేరు మీదే వస్తోంది. పైగా ఏటా పెరుగుతోంది.

సార్: రెండు ప్రశ్నలు. పేరు సంగతి: రిజిస్ట్రేషన్ అయిందని ఊరుకోకూడదు, కార్పొరేషన్ పన్ను రికార్డులో పేరు మారిందో లేదో చూసుకోవాలి. పన్ను నోటీసు మీదుండే అసెస్‌మెంట్ నంబరు, దస్తావేజు కాపీ తీసుకుని సచివాలయంలో అడగండి. పాత బకాయి ఉంటే ముందు అది తీర్చమంటారు. కొనేటప్పుడే అమ్మినాయన దగ్గర చివరి రసీదు తీసుకుని ఉంటే ఆ చిక్కు ఉండేది కాదు. వినేవాళ్లలో ఇల్లు కొనబోయేవాళ్లు ఉంటే గుర్తుంచుకోండి. పెరుగుదల సంగతి: ఇదివరకు ఇంటికి ఎంత అద్దె వస్తుందో దాని మీద పన్ను వేసేవారు. 2021 ఏప్రిల్ నుంచి ఆస్తి విలువ మీద వేస్తున్నారు. ఒక్కసారిగా పడకుండా ఏడాదికి 15 శాతానికి మించి పెంచకూడదని పరిమితి పెట్టారు. మీది అంతకు మించి పెరిగితే కొలతలు తప్పు పడ్డాయేమో కనుక్కోండి. లేని గది, లేని అంతస్తు కాగితం మీద ఉండే ఇళ్లు చాలానే ఉన్నాయి.

కంటోన్మెంట్: అంతవరకు కట్టకుండా ఆపొచ్చా సార్?

సార్: వద్దు. ఆపితే నెలకి 2 శాతం వడ్డీ పడుతుంది. కట్టండి, కడుతూనే అభ్యంతరం రాసివ్వండి. అక్టోబరుతో రెండో అర్ధ సంవత్సరం మొదలవుతుంది కదా, ఇప్పుడే వెళ్లండి. వచ్చే ఏప్రిల్‌లో ఏడాది మొత్తం ఒకేసారి కడితే 5 శాతం తగ్గింపు.

యాంకర్: నెల్లిమర్ల నుంచి వీధి కుక్కల గురించి ఫోన్...

నెల్లిమర్ల: సార్, మా వీధిలో కుక్కలు ఎక్కువైపోయాయి. విజయనగరం కార్పొరేషన్‌కి ఫోన్ చేస్తే...

సార్: మీది నెల్లిమర్ల నగర పంచాయతీ నాయనా, మీ కమిషనర్ వేరు. అక్కడే చెప్పండి. కుక్కల్ని పట్టుకెళ్లి వేరే ఊళ్లో వదిలేయడం కుదరదు. ఆపరేషన్ చేయించి, టీకా వేసి, పట్టుకున్న చోటే వదలాలని 2023 నాటి నిబంధనలు చెబుతున్నాయి. కరిచిందంటే మాత్రం ఫిర్యాదు తర్వాత. ముందు సబ్బుతో పావుగంట కడిగి...

(లైన్ కట్ అయింది)

సార్: ...కడిగి ఆస్పత్రికి వెళ్లండి. పసరు మందులు, కారం పూయడాలు వద్దు. ఆయన లేకపోయినా మిగతావాళ్లు విన్నారు, చాలు.

యాంకర్: కోట దగ్గర నుంచి ఒక మేడమ్.

కోట ప్రాంతం: నమస్కారమండీ. సిరిమాను మా ఇంటి ముందు నుంచే వెళ్తుంది. మా వీధి ఆడవాళ్లం కలిసి ఆ రోజు మజ్జిగ, పులిహోర పంచుతాం. కిందటి సంవత్సరం మర్నాడు చూస్తే వీధంతా ప్లాస్టిక్ గ్లాసులే. మాకే సిగ్గనిపించింది.

సార్: మీకు అనిపించింది, అదే గొప్ప. ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ గ్లాసులు, ప్లేట్లు, చెంచాలు 2022 జులై 1 నుంచి దేశమంతా నిషేధం. పులిహోరకి అడ్డాకుల దొప్పలు తెప్పించండి. మన ఏజెన్సీ కొండల నుంచి వచ్చే సరుకే. మజ్జిగకి స్టీలు గ్లాసులు, కడగడానికి రెండు తొట్లు. ఆ పని మీ మగవాళ్లకి అప్పచెప్పండి. దొప్పలు తడి చెత్త, వేరే డబ్బాలో వేయించండి. పంచే చోటికి అటూ ఇటూ కొంత దూరంలో డబ్బాలు పెట్టాలి. తినడం అయ్యేది పది అడుగులు నడిచాక కదా. ముందు రోజే శానిటేషన్ సెక్రటరీకి చెప్పి, బండి ఎన్నింటికి పంపుతారో అడిగి పెట్టుకోండి. సోమవారం తొలేళ్ల ఉత్సవం, మంగళవారం సిరిమాను, ఆ రెండు రోజులూ వాళ్లకి ఊపిరి ఆడదు.

కోట ప్రాంతం: ఇంకోటండీ. మా మేడ మీదకి చుట్టాలు, వాళ్ల చుట్టాలు అందరూ ఎక్కుతారు. ఇల్లు మా మావగారి నాటిది. కాదంటే బాగుండదు.

సార్: బాగుండకపోయినా ఫర్వాలేదమ్మా, కాదనండి. సిరిమాను గుడి నుంచి కోటకి మూడుసార్లు తిరుగుతుంది. వచ్చినప్పుడల్లా మేడ మీదవాళ్లు ఒక్కసారిగా పిట్టగోడ మీదకి వాలతారు. పాత పిట్టగోడ ఆ తోపుడుకి ఆగదు. పిట్టగోడకి మూడు అడుగులు ఇవతల తాడు కట్టండి. కుర్చీలు వేయించి ఎన్ని కుర్చీలో అంతమందినే ఎక్కనివ్వండి. నేను వద్దన్నానని చెప్పండి, చుట్టాలకి కోపం నా మీదకి వస్తుంది.

యాంకర్: ఆఖరి కాల్. గంటస్తంభం దగ్గర టిఫిన్ బండి నడిపే ఆయన.

గంటస్తంభం: సార్, పండగ వచ్చిందంటే మాకు టెన్షన్. బండి తీసెయ్యమంటారు. నాకు కార్పొరేషన్ ఇచ్చిన గుర్తింపు కార్డు ఉంది.

సార్: కార్డు ఉంది, మంచిది. 2014లో వీధి వ్యాపారుల చట్టం వచ్చింది. దాని ప్రకారం శాశ్వతంగా ఖాళీ చేయించాలంటే 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. కానీ జనం కోసం ఒకటి రెండు రోజులు పక్కకి జరగమనడం వేరు. దానికి ఒప్పుకోండి, గొడవ పడకండి. లక్షల మంది వచ్చే చోట నూనె మూకుడు, గ్యాసు బండ ప్రమాదం. ఎటు జరగాలో ముందే అడిగి పెట్టుకోండి. ఆ రోజు అడిగితే ఎవరూ చెప్పరు.

గంటస్తంభం: అది సరే సార్. బండి పట్టుకుపోతే?

సార్: ఏమేం తీసుకెళ్లారో జాబితా రాసివ్వమని అడగండి. ఇవ్వాలి, చట్టంలోనే ఉంది. ఫీజు కట్టి అడిగితే పాడైపోయే సరుకు అదే రోజు తిరిగివ్వాలి, మిగతా సామాను రెండు పనిదినాల్లో. జాబితా లేకపోతే రేపు స్టవ్ లేదంటారు, మీరు ఉందంటారు.

గంటస్తంభం: పోయినసారి గిన్నెలు రాలేదు సార్.

సార్: జాబితా ఉందా?

గంటస్తంభం: లేదు.

సార్: మరి ఈసారి పెన్ను మీరే పట్టుకెళ్లండి. వాళ్ల దగ్గర లేదంటే మీరే రాసి, కింద సంతకం పెట్టించుకోండి. ఫోన్‌లో ఫొటో కూడా తీసుకోండి, గిన్నెలు లెక్కకి కనబడేటట్టు.

గంటస్తంభం: అలాగే సార్. వస్తే ఇడ్లీ తినేసి వెళ్లండి.

సార్: వస్తాను. బండి ఎటు జరిపారో చెబితే.