కార్డును వెనక్కి తిప్పండి

అధ్యక్షులకు, పెద్దలకు, తోటి సేకర్తలకు నమస్కారం. సిగరెట్ కార్డుల చరిత్ర చెప్పమన్నారు. చెబుతాను కానీ, నా ధ్యాసంతా కార్డు వెనకవైపే ఉంది.

1880ల్లో అమెరికాలో అలెన్ అండ్ గింటర్ కంపెనీ, సిగరెట్లు నలగకుండా ప్యాకెట్లో పెట్టే అట్టముక్క మీద బొమ్మలు అచ్చేసింది. అంతకుముందే వ్యాపారులు తమ సరుకు ప్రచారం కోసం రంగుల ట్రేడ్ కార్డులు పంచేవారు. 1876 ఫిలడెల్ఫియా ఎగ్జిబిషన్‌తో వాటికి బాగా ఊపొచ్చింది. జనం ముచ్చటపడి స్క్రాప్‌బుక్కుల్లో అంటించుకున్నారు. బొమ్మ మిగిలింది. ఆ సరుకు ఎవరు అమ్మారు, ఏ వీధిలో అమ్మారు అన్న వివరం చాలావాటిలో జిగురు కింద పోయింది.

1938లో బ్రిటన్‌లో విల్స్ కంపెనీ వైమానిక దాడుల జాగ్రత్తల మీద 50 కార్డులు వేసింది. మొదటి కార్డు, ఇంట్లో తలదాచుకునే గదిని ఎంచుకోవడం గురించి. ముందు బొమ్మ, వెనక సూచనలు. ఆలోచించండి, యుద్ధానికి ఏడాది ముందు! ప్రాణం ఎలా కాపాడుకోవాలో సిగరెట్ ప్యాకెట్లో వచ్చిన రెండు వేళ్ల వెడల్పు అట్టముక్క మీద రాసుంది.

ఆ సెట్టు నా దగ్గర పూర్తిగా ఉండేది. ఒక ప్రదర్శనకు అడిగితే ఇచ్చాను. నిర్వాహకులు యాభై కార్డుల్నీ గమ్ముతో బోర్డుకు అంటించేశారు. ఇదేమిటని అడిగితే, "బొమ్మలు కనిపిస్తున్నాయి కదండీ" అన్నారు. మాస్కు పెట్టుకున్న మనిషి కనిపిస్తున్నాడు, నిజమే. ఎందుకు పెట్టుకున్నాడో చదివేదెలా? ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది.

చరిత్రలోంచి పక్కకు వచ్చేశాను, క్షమించండి. ధరల సంగతి అందరూ అడుగుతారు. హోనస్ వాగ్నర్ బేస్‌బాల్ కార్డు ఒకటి 2022లో 72.5 లక్షల డాలర్లకు అమ్ముడైంది. సరే. కానీ ఆ కార్డు ఉన్న టీ206 అనే సిగరెట్ కార్డుల సెట్టులో ఒకే ఆటగాడి ఒకే బొమ్మకు, వెనక అచ్చైన సిగరెట్ బ్రాండును బట్టి ధర మారిపోతుంది. పీడ్‌మాంట్ బ్రాండు ఎక్కడైనా దొరుకుతుంది, అరుదైన బ్రాండు పడితే ధర ఎన్నో రెట్లు. డబ్బు లెక్క చూసుకునేవాళ్లయినా వెనక్కి తిప్పాల్సిందే కదా!

అమెరికా కార్డుల సేకర్త జెఫర్సన్ బర్డిక్ పేరు చెప్పకపోతే నాకు తృప్తి ఉండదు. కీళ్లవాతంతో వేళ్లు వంకర్లు పోయినా, 3 లక్షలకు పైగా కార్డుల్ని, కాగితాల్ని న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియానికి ఇచ్చి, ఏళ్ల తరబడి అక్కడే కూర్చుని ఆల్బమ్‌లలో సర్దాడు. ఆయనకు చేతులెత్తి మొక్కుతాను. ఆయనా జిగురే వాడాడు, అదొక్కటే నాకు బాధ.

అంటుకున్న కార్డుల్ని దయచేసి గోటితో పీకకండి, నీళ్లలో నానబెట్టకండి. కాగితం పని తెలిసినవాళ్లకు చూపించండి. విడిగా ఉన్నవాటిని రెండువైపులా కనిపించే పాలిస్టర్ కవర్లలో పెట్టండి. ఆల్బమ్‌లు తెచ్చినవాళ్లు ముందుకు రండి. ఒక్కో కార్డూ తిప్పి, వెనక ఏముందో గట్టిగా చదవండి. మిగతా చరిత్ర ఆ కార్డులే చెబుతాయి, నేను కూర్చుని వింటాను.