జ్వరం తగ్గింది, మరి మనిషి?

(హైదరాబాద్ స్టూడియోలో జరిగిన చర్చా కార్యక్రమం నుంచి. పాల్గొన్నవారు: ఒక మైక్రోబయాలజీ ప్రొఫెసర్, ఒక జనరల్ ఫిజీషియన్.)

యాంకర్: దోమ కడుపులో మలేరియా క్రిమిని రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న చూసింది మన సికింద్రాబాద్‌లోనే. ఆయన పేరున్న నల్లకుంట ఫీవర్ ఆసుపత్రికి వానాకాలం వస్తే ఇప్పటికీ తాకిడే. మేడం, కంటికి ఆనని క్రిమి ఇంత మనిషిని మంచాన ఎలా పడేస్తుంది?

ప్రొఫెసర్: అన్నిటిదీ ఒకే దారి కాదండి. కలరా క్రిమి అసలు పేగు గోడ దాటి లోపలికి పోదు. పైపొరను పట్టుకుని విషం వదులుతుంది. ఆ విషం పేగు కణాల్లో చేరి ఉప్పునూ, దాంతోపాటు నీటినీ బయటికి తోడిస్తుంది. బియ్యం కడుగులాంటి విరేచనాలు అందుకే. 1959లో కలకత్తాలో శంభునాథ్ డే అనే శాస్త్రవేత్త కలరా క్రిములు పెరిగిన ద్రవంలోంచి క్రిములన్నీ వడకట్టేసి, ఆ ద్రవాన్ని కుందేలు పేగులోకి ఎక్కించారు. క్రిమి ఒక్కటీ లేకపోయినా పేగు నీటితో ఉబ్బింది.

యాంకర్: అంటే క్రిమిని చంపకుండానే మనిషిని బతికించొచ్చా?

ఫిజీషియన్: చాలామందిని ఓఆర్‌ఎస్‌తోనే నిలబెట్టొచ్చు. మరీ నీరసించిపోతే సెలైన్ తప్పదు. ఓఆర్‌ఎస్‌లోని గ్లూకోజు, ఉప్పు కలిసి, వెంట నీటినీ తీసుకుని పేగు కణాల్లోకి వెళ్లే దారిని ఆ విషం మూయలేదు, మనకు అదే అదృష్టం. ప్యాకెట్ మీద ఎన్ని నీళ్లు రాసుంటే అన్ని నీళ్లలో మొత్తం ఒకేసారి కలపాలి. గ్లాసుకో చెంచా వేసుకుంటే లెక్క తప్పుతుంది.

ప్రొఫెసర్: టైఫాయిడ్‌ది దొంగ దారి. మన రక్షణ కణం ఆ క్రిమిని మింగుతుంది, కానీ అది చావదు. ఆ కణంలోనే కాపురం పెట్టి కాలేయానికీ, ఎముక మూలుగకూ చేరుతుంది. కొందరికి జ్వరం తగ్గాక కూడా పిత్తాశయంలో ఏళ్లతరబడి ఉండిపోతుంది. చూడ్డానికి నిక్షేపంగా ఉంటారు, వాళ్ల చేతి వంట తిన్నవాళ్లు పడకేస్తారు.

యాంకర్: ఉప్పల్ నుంచి ఒక కాలర్ లైన్‌లో ఉన్నారు. చెప్పండమ్మా.

కాలర్: నమస్తే సార్. మా బాబుకు డెంగీ అన్నారు. నిన్నటి నుంచి జ్వరం లేదు. కానీ కడుపు నొప్పి అని ఏడుస్తున్నాడు, పొద్దున్నుంచి వాంతులు. ప్లేట్‌లెట్లు 80 వేలు ఉన్నాయి, టెన్షన్ వద్దంటున్నారు ఇంట్లో.

ఫిజీషియన్: ప్లేట్‌లెట్ల సంగతి పక్కన పెట్టమ్మా. మూత్రం ఎప్పుడు పోశాడు?

కాలర్: రాత్రి పోశాడు సార్. పొద్దున్నుంచి లేదు.

ఫిజీషియన్: ఫోన్ పెట్టేసి ఆసుపత్రికి బయల్దేరండి. ఆటో దొరికితే ఆటోలోనే, ఆలస్యం వద్దు.

యాంకర్: జ్వరం తగ్గాక ఇంత కంగారెందుకు డాక్టర్?

ఫిజీషియన్: డెంగీలో అసలు గండం అప్పుడేనండి. జ్వరం దిగే సమయంలో ఒకటి రెండు రోజులు రక్తనాళాల గోడలు వదులై ప్లాస్మా, అంటే రక్తంలోని ద్రవభాగం, బయటికి కారిపోతుంది. రక్తం చిక్కబడి బీపీ పడిపోతుంది. అందరూ ప్లేట్‌లెట్ల వెంటపడతారు, రిపోర్ట్‌లో పక్కనే ఉన్న హెమటోక్రిట్ అంకె, అంటే రక్తంలో ఎర్రకణాల వాటా, పెరుగుతోందా అని ఎవరూ చూడరు.

ప్రొఫెసర్: ఆ కారడంలో వైరస్ పాత్ర ఉంది, మన రక్షణ వ్యవస్థ అతి స్పందన పాత్రా ఉంది. డెంగీ వైరస్ నాలుగు రకాలు. ఒకసారి ఒక రకం వచ్చి, తర్వాత ఇంకోటి సోకితే, మొదటిసారి మన ఒళ్లు తయారుచేసుకున్న పాత యాంటీబాడీలే కొత్త వైరస్‌ను కణంలోకి చేర్చే ప్రమాదం ఉంది.

యాంకర్: బొప్పాయి ఆకు రసం?

ఫిజీషియన్: నాకు నమ్మకం లేదు. వాంతులున్న పిల్లాడికి ఆ చేదు పట్టిస్తే ఒంట్లో ఉన్న నీళ్లూ పోతాయి. జ్వరానికి పారాసిటమాల్ చాలు. బ్రూఫెన్, ఆస్పిరిన్ జోలికి పోవద్దు, రక్తస్రావం పెరుగుతుంది.

యాంకర్: మెడికల్ షాపులో అడిగి యాంటీబయోటిక్ వేసుకుంటే?

ఫిజీషియన్: డెంగీ వైరస్‌ను అది ఏమీ చేయదు. టైఫాయిడ్ అయితే ఇంకో చిక్కు. రెండు మాత్రలు మింగి వస్తే బ్లడ్ కల్చర్‌లో, అంటే రక్తంలోని క్రిమిని ల్యాబ్‌లో పెంచి చూసే పరీక్షలో, క్రిమి పెరగకపోవచ్చు, ఏ మందు పనిచేస్తుందో తెలీదు. రక్తం ముందు తీయాలి, మందు తర్వాత.

యాంకర్: టైఫాయిడ్‌కు చేసే విడాల్ రక్తపరీక్ష చాలదా?

ప్రొఫెసర్: ఎప్పుడో వచ్చిపోయిన టైఫాయిడ్‌కు కూడా అది పాజిటివ్ చూపించొచ్చు. ఆ ఒక్క రిపోర్ట్ పట్టుకుని నేనైతే టైఫాయిడ్ అని రాయను.