ఒడ్డున రాసిన అంకె: సముద్ర పరిశోధన సంస్థ లోపలి పని

(శ్రీకాకుళంలో డిగ్రీ విద్యార్థులు, మత్స్యకార సంఘాల సభ్యుల ఎదుట చేసిన ప్రసంగ పాఠం)

పెద్దలకు, తీర గ్రామాల నుంచి పని మానుకుని వచ్చిన అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు, విద్యార్థులకు నమస్కారం.

సముద్ర పరిశోధన సంస్థ అనగానే మన పిల్లలకు పెద్ద ఓడ, తెల్లకోటు, సూక్ష్మదర్శిని గుర్తొస్తాయి. ఓడలున్నాయి, సూక్ష్మదర్శినులూ ఉన్నాయి. నా సర్వీసులో తెల్లకోట్లు మాత్రం తక్కువే చూశాను. మోకాళ్ల దాకా మడిచిన ప్యాంటు, చేతిలో రాత అట్ట, చేప నీచు వాసన వదలని చొక్కా, ఇవే ఎక్కువ చూశాను. ఆ చొక్కా వేసుకున్న మనిషి ఒడ్డున రాసిన అంకె ఎక్కడికి పోతుంది, దారిలో ఎవరి చేతుల్లో పడుతుంది, ఎక్కడ ఆగిపోతుంది అన్నది చెప్తే సంస్థ ఎలా నడుస్తుందో మీకే అర్థమవుతుంది.

ముందు ఎవరు ఏ పని చేస్తారో చూద్దాం. మనవాళ్లు అందరినీ కలిపి 'సముద్రం ఆఫీసోళ్లు' అనేస్తారు. చేపల లెక్క, వాటి పుట్టుక, పెరుగుదల చూసేది కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ, అంటే సీఎంఎఫ్ఆర్ఐ. 1947 ఫిబ్రవరి 3న వ్యవసాయ శాఖ కింద మొదలై, 1967లో భారత వ్యవసాయ పరిశోధన మండలి, ఐసీఏఆర్, కిందికి వచ్చింది. ప్రధాన కార్యాలయం కొచ్చిలో, మనకు దగ్గరి కేంద్రం విశాఖలో. నీటి కదలిక, ఉప్పదనం, అడుగు మట్టి చూసేది గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ, ఎన్ఐఓ. 1959 నుంచి 1965 దాకా అనేక దేశాలు కలిసి హిందూ మహాసముద్రాన్ని సర్వే చేశాయి. అందులో ఆరితేరిన మనవాళ్లు, పోగైన సమాచారం చెల్లాచెదురు కాకూడదని 1966 జనవరి 1న శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలి, సీఎస్ఐఆర్, కింద దాన్ని పెట్టారు. దానికీ విశాఖలో శాఖ ఉంది. అలల ఎత్తు, సునామీ హెచ్చరిక, చేపలు దొరికే చోటు చెప్పేది 1999లో పెట్టిన జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం, ఇన్‌కాయిస్. అది ఉన్నది సముద్రం కనబడని హైదరాబాదులో. సముద్రపు యంత్రాలు తయారుచేసేది చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ, ఎన్ఐఓటీ. ఈ చివరి రెండూ భూ విజ్ఞాన మంత్రిత్వ శాఖవి. తుఫాను ఎటు వస్తుందో చెప్పే వాతావరణ శాఖ కూడా ఆ మంత్రిత్వ శాఖ కిందిదే. 2018 అక్టోబరు 11న తిత్లీ మన పలాస వైపు తీరం దాటినప్పుడు, తుఫాను దారి చెప్పింది వాతావరణ శాఖ. అలల సంగతి చెప్పడం ఇన్‌కాయిస్ పని.

సముద్రం ఒక్కటే, దాన్ని చూసేవాళ్లు మూడు మంత్రిత్వ శాఖల కింద, మూడు బడ్జెట్లతో ఉన్నారు. నీటి వేడి ఒకరి దగ్గర, ఆ నీళ్లలో తిరిగే కవ్వళ్ల చేపల లెక్క ఇంకొకరి దగ్గర. రెండూ ఒకచోట చేరాలంటే ఒప్పందాలు, ఉత్తరాలు, సంతకాలు. కాలక్రమంలో కొంత మెరుగైంది కానీ, ఇద్దరు శాస్త్రవేత్తలకు ముఖపరిచయం ఉంటే పది రోజుల్లో అయ్యే పని, లేకపోతే ఏడాది పట్టడం ఇప్పటికీ ఉంది.

ఇక ఒడ్డుకు వద్దాం. మన జిల్లాకు ఇచ్ఛాపురం వైపు నుంచి రణస్థలం వైపు దాకా 190 కిలోమీటర్ల పైచిలుకు తీరం. విశాఖలాగా అన్ని పడవలూ ఒకేచోట చేరే హార్బరు లేదు. బారువ, భావనపాడు, కళింగపట్నం, బుడగట్లపాలెం, ఇంకా పేరు చెబితే పక్క మండలం వాళ్లకు కూడా తెలియని రేవులు ఎన్నో. ఫైబర్ బోట్లు, తెప్పలు ఇసుక మీదికే వస్తాయి. ఇన్ని చోట్ల పడే చేపంతా ఎవరు తూస్తారు? ఎవరూ తూయలేరు. అందుకే నమూనా లెక్క.

సీఎంఎఫ్ఆర్ఐ వాడే పద్ధతి నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది. తీరాన్ని 'జోన్లు' అనే ముక్కలుగా చీల్చుకుంటారు. నెలను పదేసి రోజుల మూడు భాగాలు చేస్తారు. నెల మొదటి అయిదు రోజుల్లోంచి ఒక రోజును లాటరీలాగా తీసి, అక్కడి నుంచి వరసగా ఆరు రోజులను రెండేసి రోజుల జతలుగా కడతారు. మిగతా రెండు భాగాల్లో అవే జతలు పదేసి రోజుల తేడాతో వస్తాయి. ఒక్కో జతకు ఒక్కో రేవు, అది కూడా లాటరీలోనే. సర్వే మనిషి మొదటి రోజు మధ్యాహ్నం 12 నుంచి సాయంత్రం 6 దాకా రేవులో ఉండాలి. మర్నాడు పొద్దున్న 6కి మళ్లీ వచ్చి 12 దాకా ఉండాలి. రాత్రి దిగిన చేప సంగతి పొద్దున్నే అడిగి రాసుకోవాలి. అలా ఇరవై నాలుగు గంటలు పూర్తవుతాయి. వచ్చిన పడవలు 15 లోపు ఉంటే అన్నిటినీ చూడాలి. దాటితే వాటిలో కొన్నిటిని లెక్క ప్రకారం ఎంచుకోవాలి.

ఎందుకింత తతంగం అంటారా? మనిషికి వదిలేస్తే బస్సు ఆగే రేవుకే పోతాడు, టీ దొరికే రేవుకే పోతాడు, చేప బాగా పడిన రోజునే పోతాడు. అందుకే ఏ రోజు ఏ రేవు అన్నది కొచ్చిలో తేల్చి పంపిస్తారు. ఆ రోజు అల ఎక్కువై ఒక్క పడవా పోలేదనుకోండి, 'సున్నా' అని రాయాలి. కొత్తగా చేరినవాళ్లకు సున్నా రాయడానికి చెయ్యి రాదు, ఊరికే వచ్చి పోయామన్నట్టు ఉంటుంది. ఆ సున్నాలు రాయకపోతే మాత్రం ఏడాది చివర మన తీరంలో లేని చేపలు కాగితం మీద పుడతాయి.

రేవులో పని ఎలా ఉంటుందో చెప్తాను. పడవ ఇసుకను తాకగానే ఆడవాళ్లు గంపలతో చుట్టుముడతారు. వేలం పాట మొదలైతే చేప చేతులు మారిపోతుంది. గంప బరువు ఎంతుంటుందో కంటితో అంచనా వేయాలి, అందులో నెత్తళ్లు ఎంత, కానాగంతలు ఎంత, చందువలు ఎన్ని అని విడదీయాలి, ఏ వల, ఎంత లోతు, ఎన్ని గంటలు అని పడవ నడిపే సరంగును అడగాలి. అన్నీ ఆ రెండు మూడు నిమిషాల్లోనే. కవ్వళ్లలోనే ఎన్నో రకాలు. పొట్ట కింద పొలుసు చూసి, రెక్క దగ్గర మచ్చ చూసి చెప్పాలి. ఆ కన్ను రావడానికి ఏళ్లు పడుతుంది.

కళింగపట్నం ఒడ్డున ఒక ముసలాయన నన్ను నిలేశాడు. "ఏటి బాబూ, నెలనెలా వచ్చి రాసుకెల్తన్నారు. మా సేపల లెక్కతోటి మీకేటి పని?" అన్నాడు. "తాతా, కవ్వళ్లు తగ్గాయా పెరిగాయా అని మీరు చెప్పేది ఒకటి, సావుకారు చెప్పేది ఇంకొకటి. ఎవరి వైపూ కాని లెక్క ఒకటి ఉండాలి కదా" అన్నాను. "ఉంటే?" అన్నాడు. ఆయన అడిగిన ఆ ఒక్క మాటకు జవాబు చెప్పడానికే అంత పెద్ద సంస్థ ఉందని నా అభిప్రాయం.

ఉంటే ఏమవుతుందో చూడండి. ఆ అంకె కొచ్చిలోని వనరుల అంచనా విభాగానికి పోతుంది. అక్కడ గణాంక నిపుణులు నమూనాను మొత్తం తీరానికి పెంచి లెక్క కడతారు. జీవశాస్త్రం వాళ్లు అదే చేప పొడవు కొలిచి, గుడ్లు చూసి, చెవిలోని చిన్న రాయి మీద వలయాలు లెక్కబెట్టి వయసు చెప్తారు. ఈ రెండూ కలిస్తే ఒక జాతిని ఎంత వరకు పట్టొచ్చు, ఎంత చిన్నదాన్ని పట్టకూడదు అన్న సలహా తయారవుతుంది. సలహా వరకే సంస్థ పని. ఉత్తర్వు ఇచ్చేది ప్రభుత్వం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మన తూర్పు తీరంలో ఉన్న 61 రోజుల వేట నిషేధం ప్రభుత్వ ఉత్తర్వే. దాని మీద కోపం వచ్చినప్పుడు మనవాళ్లు సర్వే మనిషిని తిడతారు, పాపం.

సంస్థలో మనుషులు నాలుగు రకాలు. శాస్త్రవేత్తలు, సాంకేతిక సిబ్బంది, పరిపాలన సిబ్బంది, సహాయక సిబ్బంది. ఐసీఏఆర్ సంస్థలైతే శాస్త్రవేత్తలను వ్యవసాయ శాస్త్రవేత్తల నియామక మండలి దేశవ్యాప్త పరీక్ష పెట్టి ఎంచుకుంటుంది. డైరెక్టరు పదవి అయిదేళ్లది. రేవులో నిలబడేది, ఓడ మీద పరికరం దింపేది మాత్రం సాంకేతిక సిబ్బంది. వాళ్లలో ఒకరు రిటైరైతే ఆ పోస్టు నిండడానికి పట్టే కాలం చూస్తే బాధేస్తుంది. ఈలోగా ప్రాజెక్టు డబ్బుతో కుర్రాళ్లను కాంట్రాక్టు మీద తీసుకుంటారు. చేప గుర్తుపట్టే కన్ను వచ్చేసరికి ప్రాజెక్టు అయిపోతుంది, కుర్రాడు ఏ బ్యాంకు ఉద్యోగానికో పోతాడు. శాస్త్రవేత్త పోస్టు ఖాళీగా ఉంటే ఒక పేపరు ఆలస్యమవుతుంది. రేవు మనిషి పోస్టు ఖాళీగా ఉంటే లెక్కలో చిల్లు పడుతుంది, దాన్ని వెనక్కి వెళ్లి పూడ్చలేం.

కమిటీల సంగతి క్లుప్తంగా. బయటి నిపుణుడి అధ్యక్షతన పరిశోధన సలహా సంఘం ఉంటుంది, ఏ దిక్కున పోవాలో చెప్తుంది. డైరెక్టరు అధ్యక్షతన లోపలి పరిశోధన మండలి ఒక్కొక్కరి ప్రాజెక్టునూ విచారిస్తుంది. అయిదేళ్లకోసారి బయటివాళ్లు వచ్చి మొత్తం సంస్థను తరచి చూస్తారు. యాజమాన్య సంఘం అని ఇంకొకటి ఉంది. అందులో రైతుల, గ్రామీణుల తరఫున ఇద్దరు అనధికారులకు చోటుంది. ఇక్కడ కూర్చున్న సంఘాల వాళ్లు ఈ మాట రాసుకోండి. ఆ కుర్చీలో మన తీరం మనిషి ఎందుకు కూర్చోకూడదు?

డబ్బు విషయానికొస్తే, ఫైలుకు ఒక సంవత్సరం, సముద్రానికి ఇంకో సంవత్సరం. ఫైలు సంవత్సరం ఏప్రిల్ 1న మొదలవుతుంది. కేటాయింపు కాగితం కేంద్రానికి చేరేసరికి వేట నిషేధం వచ్చేస్తుంది. చేతిలో డబ్బుంది, రేవులో చేప లేదు. జూన్ 15న వేట మొదలయ్యాక నమూనాలు బాగా దొరుకుతాయి, అప్పటికి కొనాల్సిన పరికరానికి టెండరు తేలదు. మార్చి నెలలో మిగిలిన సొమ్ము వెనక్కి పోతుందని అందరికీ టెన్షన్. ఒక సంస్థలో, పేరు వద్దు, మేం అడిగిన కేబులు రాలేదు, అడగని అల్మరాలు మాత్రం మార్చి 31 లోపు దిగాయి. కొనుగోలు విభాగాన్ని తిట్టడం తేలిక. రేపు ఆడిట్ వాళ్లు వచ్చి అడిగితే జవాబు చెప్పాల్సింది వాళ్లే కాబట్టి వాళ్లు నియమం దాటరు. చిన్న చిక్కు చెప్తాను. పరీక్షకు రెండు కిలోల వంజరం కొనాలి. చేపలమ్మే అక్కను జీఎస్టీ బిల్లు అడిగితే ఏమంటుంది? ఆమె అన్నమాట ఇక్కడ చెప్పలేను. చివరికి మనమే వోచరు రాసి, సంతకం పెట్టి, పై అధికారి చేత సరేననిపించుకోవాలి.

ఓడల గురించి పిల్లలు అడుగుతారు కాబట్టి కొంచెం చెప్తాను. 1983లో వచ్చిన సాగర్ కన్య, 2014లో ఎన్ఐఓకు వచ్చిన సింధు సాధన లాంటివి మనకు ఉన్నాయి. ఓడ తేలుతున్న ప్రతి రోజూ డీజిలు, సిబ్బంది, బీమా ఖర్చే. అందుకే ఓడ మీద రోజుల కోసం శాస్త్రవేత్తలు పోటీపడతారు. యాత్రకు ముఖ్య శాస్త్రవేత్త ఒకరు ఉంటారు, ఎక్కడ ఆగాలి, ఏం కొలవాలి అన్నది ఆయన మాట. గాలి లేచిందంటే మాత్రం కెప్టెన్ మాటే చెల్లుతుంది. సీటీడీ అనే పరికరం ఉంటుంది. ఉప్పదనం, వేడి, లోతు కొలుస్తూ తాడు మీద కిందికి పోతుంది. చుట్టూ సీసాలుంటాయి, పైకి వచ్చేటప్పుడు కావలసిన లోతులో ఒక్కొక్కటీ మూసుకుని అక్కడి నీళ్లు పట్టుకుంటాయి. అర్ధరాత్రి రెండింటికి డెక్కు మీద తాడు చుట్టే విన్చి దగ్గర నిలబడ్డ మనిషి ఒక్క క్షణం తూలితే లక్షల పరికరం అడుక్కి పోతుంది. మన బంగాళాఖాతంలో నదుల నీళ్ల వల్ల పైపొర ఉప్పదనం తక్కువ, ఆ పొర తీరు తుఫాను బలాన్ని కూడా మార్చగలదు. కాబట్టి ఆ అర్ధరాత్రి కొలత మన ఊళ్లకు అక్కరకొచ్చేదే.

ఓడ లేకపోయినా పని ఆగనక్కర్లేదు. 1952లో అమెరికా సముద్ర శాస్త్రవేత్త యూజీన్ లాఫాండ్ ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చినప్పుడు అక్కడ సొంత పరిశోధన ఓడ లేదు. నౌకాదళం ఓడలు అడిగి తీసుకుని, విద్యార్థులను ఎక్కించుకుని వెళ్లాడు. మన తీరం పక్కనున్న సముద్రగర్భ లోయలకు ఆంధ్ర, మహదేవన్, కృష్ణ అన్న పేర్లు ఆయన పనిలోంచి వచ్చినవే. మహదేవన్ గారు అదే విశ్వవిద్యాలయంలో భూగర్భశాస్త్ర ఆచార్యులు.

మత్స్యకార సోదరులతో ఒక మాట. నడిసముద్రంలో పసుప్పచ్చగా తేలే బోయాలు చూసి ఉంటారు. వాటి నీడలో చేప చేరుతుంది, నిజమే. అందుకే కొందరు పడవ కడతారు, కొందరు పైనున్న సామాను విప్పుకుపోతారు కూడా. తుఫాను వచ్చే ముందు గాలి, అల కొలిచి పంపేది ఆ బోయాయే. అది మూగబోతే ఆ పూట హెచ్చరికలో ఒక కన్ను పోయినట్టే. ఇన్‌కాయిస్ ఇచ్చే 'చేపలు దొరికే చోటు' సమాచారం కూడా గాల్లోంచి రాదు. ఉపగ్రహం నీటి పైవేడినీ, నాచు రంగునూ చూస్తుంది. వేడి నీళ్లు, చల్లటి నీళ్లు కలిసే అంచున మేత ఎక్కువ, అక్కడికి చేప చేరుతుంది. రేవు నుంచి ఏ దిక్కు, ఎంత దూరం, ఎంత లోతు అని చెప్తారు. ఉత్తర ఆంధ్రకు విడిగా ఇస్తారు. మబ్బు పట్టిన రోజు ఉపగ్రహానికి నీళ్లు కనబడవు, అందుకే ఆ రోజు సమాచారం రాదు. మానేశారని తిట్టుకోకండి.

ఒక చీటీ ఇప్పుడే అందింది. "గుజరాత్‌లోని వేరావల్ దాకా పోయి వేట చేసేవాళ్లం, పాకిస్తాన్ జైళ్లలో ఉండి వచ్చినవాళ్లం మేం. మన జిల్లాలోనే ఒక పరిశోధన సంస్థ పెడితే మాకు పని దొరకదా?" అని. 2018 నవంబరులో పట్టుబడి 2020 జనవరిలో తిరిగి వచ్చిన మనవాళ్ల సంగతి ఎవరూ మరిచిపోలేదు. కానీ దాపరికం లేకుండా చెప్తాను, పరిశోధన సంస్థ వందల మందికి ఉద్యోగాలివ్వదు. వలసను ఆపేది జెట్టీ, ఐసు, మంచి ధర. సంస్థ ఇవ్వగలిగింది వేరు. విశాఖలో సీఎంఎఫ్ఆర్ఐ వాళ్లు 2007లో సముద్రంలో పంజరం కట్టి పండుగప్ప పెంచి చూపించారు. అలాంటి తర్ఫీదు ఇక్కడికి వచ్చేలా అడగండి, అది మీ హక్కు.

భవనం, శిలాఫలకం మాత్రం అడగకండి. మొదట కావలసింది కళింగపట్నం దగ్గరో భావనపాడు దగ్గరో ఒక గది, కరెంటు పోయినా చేప పాడవకుండా జనరేటరున్న డీప్ ఫ్రీజరు, కొలబల్ల, ఈ ఊరి చేపల పేర్లు తెలిసిన ఇద్దరు పర్మినెంటు మనుషులు, వాళ్ల టీఏ బిల్లులు మూడు నెలల్లోపు పాసవడం. ఫిషరీస్ డిగ్రీ చదవాలనుకునే పిల్లలకు నెల్లూరు జిల్లా ముత్తుకూరులో కాలేజీ ఉంది, సముద్ర విజ్ఞానం అయితే ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఉంది. నేనడిగిన ఆ ఇద్దరు పర్మినెంటు మనుషుల్లో ఒకరు మత్స్యకార ఇంటి నుంచి వచ్చిన అమ్మాయి అయితే, రేవులో ఆడవాళ్లు నాకు చెప్పని లెక్కలు ఆమెకు చెప్తారు.

మిగతా చీటీలు ఇటు పంపండి, ఒక్కొక్కటీ చదువుతాను.