నాలుగు స్వరాల పిలుపు: ‘ఫ్రోజెన్ 2’ పాటలను ఎలా వినాలి?

నమస్కారం. ఈ వీడియోలో డిస్నీ యానిమేషన్ సినిమా ‘ఫ్రోజెన్ 2’ పాటలను శ్రద్ధగా వినడం నేర్చుకుందాం. హార్మోనియం గానీ కీబోర్డు గానీ ఉంటే దగ్గర పెట్టుకోండి. లేకపోతే ఫోనులో కీబోర్డు యాప్ అయినా సరిపోతుంది. సంగీతం నేర్చుకోనివారు వెనకాడనక్కర్లేదు, నాలుగు స్వరాలను గుర్తుపట్టగలిగితే చాలు. ఒక్క మాట: కథ చివరిదాకా చెప్పక తప్పదు. సినిమా చూడనివారు చూసి వచ్చాక ఈ పాఠం వినండి.

2013లో వచ్చిన మొదటి భాగంలో మంచు శక్తులున్న రాణి ఎల్సా పాడిన ‘లెట్ ఇట్ గో’ మరుసటి ఏడాది ఆస్కార్ అందుకుంది. ఆరేళ్ల తర్వాత, 2019 నవంబరులో రెండో భాగం విడుదలైంది. పాటలు రాసి బాణీలు కట్టింది మళ్లీ క్రిస్టెన్ ఆండర్సన్ లోపెజ్, రాబర్ట్ లోపెజ్ దంపతులే. నేపథ్య సంగీతం క్రిస్టోఫ్ బెక్‌ది. రెండో భాగం అనగానే అందరూ అడిగింది ఒకటే ప్రశ్న: ఇందులో ‘లెట్ ఇట్ గో’ అంతటి పాట ఉందా? ఆ కొలబద్దతో వింటే ఈ సంగీతంలో అసలు విషయం చేజారిపోతుంది. ఇక్కడ ప్రధానమైన పాటలు ఒకే దారానికి గుచ్చినవి. ఎల్సాకు ఎక్కడినుంచో ఒక పిలుపు వినిపిస్తుంది. ఎవరు పిలుస్తున్నారో తెలియదు. తెలుసుకోవడమే కథ. కాబట్టి మనం కూడా ఆ పిలుపు దగ్గరే మొదలుపెడదాం.

[తెరపై కీబోర్డు]

డి మెట్టును షడ్జమంగా పెట్టుకోండి. ఇప్పుడు సాధారణ గాంధారం, చతుశ్రుతి రిషభం, మళ్లీ గాంధారం, ఆ తర్వాత షడ్జమం. గ, రి, గ, స. పాశ్చాత్య పేర్లలో అయితే ఎఫ్, ఈ, ఎఫ్, డి. నాలుగూ తెల్ల మెట్లే. ఒక్కో స్వరాన్ని నిలిపి, నెమ్మదిగా వాయించండి. గాంధారం నుంచి రిషభానికి అర స్వరమే దూరం. అంత చిన్నగా దిగి, వెనక్కి ఎక్కి, ఈసారి ఏకంగా షడ్జమం మీదికి జారుతుంది. ఖరహరప్రియ రాగం పాడుకునేవారికి ఈ స్వరస్థానాలన్నీ పరిచయమైనవే.

ఇది ‘డియెస్ ఈరే’ అనే లాటిన్ స్తోత్రం ఎత్తుగడ. మధ్యయుగాల ఐరోపాలో మరణించినవారి కోసం చేసే ప్రార్థనలో, తీర్పు దినాన్ని తలుచుకుంటూ పాడేవారు. 1830లో ఫ్రెంచ్ స్వరకర్త బెర్లియోజ్ తన ‘సింఫొనీ ఫాంటాస్టిక్’లో దీన్ని వాడుకున్నాడు. తర్వాత రష్యన్ స్వరకర్త రాఖ్‌మానినోవ్ పదేపదే దీని దగ్గరికి వచ్చాడు. సినిమా సంగీత దర్శకులకైతే మృత్యువు దగ్గరలో ఉందని చెప్పాల్సినప్పుడల్లా చేతికి అందే బాణీ ఇదే. ఎల్సాకు వినిపించే పిలుపు దీనికి రూపాంతరం.

పిల్లల సినిమాలో చావు పాట ఎందుకు అనిపించవచ్చు. జవాబు కోసం ఆ పిలుపును పాడిన గొంతు వినాలి. అది నార్వే గాయని అరోరా గొంతు. స్కాండినేవియా కొండల్లో పశువులను కాసే స్త్రీలు, దూరాన మేస్తున్న మందను ఇంటికి మళ్లించడానికి ‘కుల్నింగ్’ అనే కూత వేసేవారు. చాలా పైస్థాయిలో, సూటిగా వదిలిన గొంతు అది. అందుకే లోయలు దాటి వినిపించేది. ఆ కూత స్వభావమే ఈ పిలుపులో ఉంది. అంటే స్వరాలేమో మృత్యువుకు చెందినవి, గొంతేమో ఇంటికి రమ్మంటోంది. ఈ రెండూ ఒకేసారి చెవిన పడడం వల్లే ఎల్సాకు భయమూ ఆశా కలిసే పుడతాయి. నాకు ఈ సినిమాలో అన్నిటికంటే నచ్చిన ఆలోచన ఇదే. ఆ పిలుపులో మాటలు కూడా లేవు, ఏ భాషలో సినిమా చూసినా దాని అర్థం చెక్కుచెదరదు. తెలుగులో ఎల్సాకు నిత్యా మీనన్ గొంతు ఇచ్చారు. తెలుగులో చూసినవారు కూడా ఈ పాఠం మొత్తం అలాగే వర్తింపజేసుకోవచ్చు.

ఇప్పుడు మొదటి పాట, ‘ఆల్ ఈజ్ ఫౌండ్’. చిన్నారి ఎల్సాకూ చెల్లెలు ఆనాకూ తల్లి ఇడూనా పాడే జోలపాట. పాడింది ఇవాన్ రేచల్ వుడ్. కింది స్థాయిలో, అరుపులూ మెరుపులూ లేకుండా సాగుతుంది. గతాన్నంతా దాచుకున్న ఒక నది గురించి చెబుతుంది. పాట మధ్యలో ఒక హెచ్చరిక ఉంది: ఆ నదిలో మరీ లోతుకు వెళ్తే మునిగిపోతావు. పిల్లలకు పాడే జోలలో ఆ మాట ఎంత తేలిగ్గా వచ్చి పోతుందో గమనించండి. మొదటిసారి వింటున్నవారు దాన్ని పట్టించుకోరు. మీరు మాత్రం బాణీతో పాటు ఆ హెచ్చరికనూ గుర్తుపెట్టుకోండి. రెండూ తిరిగి వస్తాయి.

‘ఇంటు ది అన్‌నోన్’ దగ్గరికి వద్దాం. పాడింది ఇడీనా మెన్జెల్. మొదట్లో ఎల్సా పిలుపుతో వాదిస్తుంది: నా వాళ్లంతా ఈ గోడల మధ్యే ఉన్నారు, నన్ను వదిలెయ్. ఆ చరణాల్లో బాణీ కూడా గోడల మధ్యే, తక్కువ పరిధిలోనే తిరుగుతుంది. పల్లవికి వచ్చేసరికి పాట పేరే మూడుసార్లు వస్తుంది. ఇక్కడ వీడియో ఆపి, ఆ మూడింటినీ మీ గొంతుతో పాడి చూడండి. ప్రతిసారీ చివరి అక్షరం మీద గొంతు ఎగరాలి, ప్రతిసారీ ముందటి కంటే ఎత్తుకు ఎగరాలి. మూడోది అందుకోవడం మామూలు గొంతుకు కష్టం. నోటితో వద్దంటున్న ఎల్సా గొంతు అప్పటికే బయలుదేరింది. పాట ముగింపులో ఇంకో మార్పు ఉంది. అంతవరకు పిలుపు వేరు, ఎల్సా వేరు. చివర్లో ఎల్సా తానే ఆ పిలుపును ఎత్తుకుంటుంది. హెడ్‌ఫోన్లు పెట్టుకుంటే రెండు గొంతులూ ఒకదానికొకటి బదులివ్వడం స్పష్టంగా తెలుస్తుంది. 2020 ఫిబ్రవరిలో ఆస్కార్ వేదిక మీద ఇడీనా మెన్జెల్, అరోరాలతో కలిసి వేర్వేరు భాషల్లో ఎల్సాకు పాడిన తొమ్మిది మంది గాయనులు ఈ పాట పాడారు. ఆ ప్రదర్శన వెతికి చూడండి.

మిగతా పాటలను కాస్త వేగంగా దాటుదాం. ‘సమ్ థింగ్స్ నెవర్ చేంజ్’ అందరినీ ఒకసారి పలకరించే సామూహిక గీతం. మంచుబొమ్మ ఓలాఫ్ పాడే ‘వెన్ ఐ యామ్ ఓల్డర్’ చిన్నపిల్లలకు బాగా నచ్చుతుంది. ‘లాస్ట్ ఇన్ ది వుడ్స్’ను మాత్రం తేలిక చేయకండి. మొదటి సినిమాలో ఆనా ప్రియుడు క్రిస్టాఫ్‌కు దక్కింది చిన్న ముక్క పాట. అతనికి పాడిన జొనాథన్ గ్రాఫ్ అంతకుముందే రంగస్థలం మీద పేరున్న గాయకుడు. ఈసారి అతనికి 1980ల నాటి రాక్ ప్రేమగీతాల శైలిలో పూర్తి పాట ఇచ్చారు. రెయిన్‌డీర్లు కోరస్ పాడతాయి కాబట్టి చూస్తున్నప్పుడు నవ్వొస్తుంది. కళ్లు మూసుకుని వినండి, నిజంగా దిగులుపడుతున్న మనిషి గొంతు వినిపిస్తుంది.

అడవిలో నార్థుల్డ్రా అనే (కథలోని కల్పిత జాతి) ప్రజలు పాడేదాన్ని కూడా వదలకండి. అది ‘వూయెలీ’. మొదటి సినిమా ప్రారంభంలో విన్నదే. ఫ్రోడె ఫెల్‌హైమ్ స్వరపరిచిన ఆ గీతానికి ఉత్తర ఐరోపాలోని సామీ ప్రజల ‘యోయిక్’ గానం ఆధారం. అప్పట్లో అది పేర్లు పడేటప్పుడు వచ్చిన అలంకారం. ఇప్పుడు ఆ గానం చేసే ప్రజలే కథలోకి వచ్చారు. రెండో భాగం కోసం డిస్నీ సంస్థ సామీ ప్రతినిధులతో ఒప్పందం చేసుకుంది, ఉత్తర సామీ భాషలో సినిమాను డబ్బింగ్ చేసింది కూడా. ఒక జాతి సంగీతాన్ని తీసుకున్నవారు ఆ జాతితో కూర్చుని మాట్లాడడం మంచి పని.

ఇక ‘షో యువర్‌సెల్ఫ్’. ఈ పాట ఒక పట్టాన కుదరలేదు. సినిమా తయారీపై 2020లో వచ్చిన డాక్యుమెంటరీ ధారావాహికలో, విడుదల దగ్గరపడుతున్నా ఈ పాట దగ్గర బృందమంతా ఎలా చిక్కుకుందో చూడవచ్చు. చిక్కు ఏమిటంటే, పిలుస్తున్నది ఎవరు? దానికి జవాబు దొరికాకే పాట కుదిరింది.

ఎల్సా మంచు లోపలికి నడుస్తూ, నువ్వెవరో కనిపించు అని అడుగుతూ పోతుంది. ఇక్కడ ఆమె వాదించదు, అనుమానించదు. పాట తారస్థాయికి చేరే ముందు ఒక మలుపులో వాద్యాలు తగ్గి, ఒక పాత బాణీ వినిపిస్తుంది. గుర్తుపట్టారా? జోలపాట. కోరస్ మొదలుపెడుతుంది, తల్లి రూపం కనిపిస్తుంది, ఇడూనా గొంతు వచ్చి చేరుతుంది. పిలిచింది తల్లే. ఇంటికి రమ్మనే కూత తల్లి గొంతు కాక ఇంకెవరిది అవుతుంది! అయితే పాట అక్కడ ఆగదు. ఇన్నాళ్లూ నువ్వు ఎదురుచూసింది నీకోసమే అని తల్లి చెబుతుంది, ఎల్సా అదే మాటను అందుకుని పాడుతుంది.

ఇంత ఆనందం తర్వాత ఎల్సా ఇంకా లోతుకు దిగి గడ్డకట్టిపోతుంది. జోలపాటలోని హెచ్చరిక నిజమైంది. ‘డియెస్ ఈరే’ స్వరాలు ఊరికే రాలేదు.

తర్వాత వచ్చేది ఆనా పాట, ‘ది నెక్స్ట్ రైట్ థింగ్’. పాడింది క్రిస్టెన్ బెల్. అక్క చనిపోయిందని ఆనాకు అర్థమైంది, ఓలాఫ్ ఆమె చేతుల్లోనే మంచు రేణువులై చెదిరిపోయాడు. ఈ పాటలో ఏ పిలుపూ లేదు. ఆనాను ఎవరూ పిలవరు, దారి చూపరు, శక్తులూ లేవు. తాను అనుభవించిన కుంగుబాటును తలుచుకుని ఈ పాట పాడానని బెల్ చెప్పారు. అది వినిపిస్తుంది. గొంతు విరుగుతుంది, ఊపిరి మాటల మధ్య అడ్డం పడుతుంది, కొన్ని పాదాలు పాటకూ మాటకూ మధ్య ఉండిపోతాయి. నా దృష్టిలో సినిమాలో అన్నిటికంటే ధైర్యమైన పాట ఇదే. పిల్లలకు దుఃఖాన్ని దాచకుండా, తొందరపెట్టకుండా చూపించింది.

ఇప్పుడు మీకు ఒక అభ్యాసం. ఆనా పాట మొదటి నుంచి పెట్టి, తొడ మీద తాళం వేయడానికి ప్రయత్నించండి. మొదట్లో మీ చెయ్యి పాటతో కలవదు. బలవంతం చేయకండి, ఆపేసి వినండి. ఆనా లేచి అడుగులు వేసే చోట మళ్లీ మొదలుపెట్టండి. తాళం మీ చేతికి చిక్కింది ఏ మాట మీదో వ్యాఖ్యల్లో రాయండి.