మూడు అనలాగ్ డిలే పెడల్స్, ఒకటే గిటార్: ఆర్కెస్ట్రాకి, చర్చికి ఏది సరిపోతుంది?

నమస్తే అండి, అందరూ బాగున్నారా. ఈరోజు బల్ల మీద మూడు అనలాగ్ డిలే పెడల్స్ ఉన్నాయి. డిలే అంటే వాయించిన స్వరాన్ని కాస్త ఆగి మళ్లీ వినిపించే పెడల్, అట్లా తిరిగి వచ్చేవే రిపీట్లు. బాస్ (Boss) కంపెనీ డీఎం-2డబ్ల్యూ, ఎంఎక్స్ఆర్ కార్బన్ కాపీ, బెహ్రింగర్ వీడీ400. గిటార్ అదే, యాంప్ అదే, కేబుళ్లు అవే, వాయించే బిట్ కూడా అదే. పెడల్ ఒక్కటే మారుతుంది. ముందు వినండి, మాటలు తర్వాత.

[మూడు పెడల్స్ మీద ఒకే బిట్]

హెడ్‌ఫోన్స్ లేకుండా విన్నవాళ్లు ఒక్కసారి వెనక్కి వెళ్లి, పెట్టుకుని వినండి. ఫోన్ స్పీకర్‌లో ఈ తేడా దొరకదు.

ఈ రివ్యూ నేను నెల్లూరు, కావలి, ఒంగోలు చుట్టుపక్కల స్టేజీ మీద వాయించే గిటారిస్టుల కోసం చేస్తున్నాను. పెళ్లి ఆర్కెస్ట్రాల్లో వాయించేవాళ్లు, ఆదివారం చర్చిలో వాయించేవాళ్లు. నెట్‌లో దొరికే పెడల్ రివ్యూల్లో ఎక్కువ భాగం గదిలో ఒక్కడే కూర్చుని, ఒక్క గిటార్ వాయించి చెప్పేవి. అక్కడ ఏ డిలే అయినా బాగుంటుంది. మన స్టేజీ అట్లా ఉండదు. రెండు కీబోర్డులు, రిథమ్ ప్యాడ్, డోలక్, ఇద్దరు ముగ్గురు సింగర్లు. అన్నిటికీ మించి, మిక్సర్ దగ్గర కూర్చున్న సౌండ్ అన్న సింగర్ మైకుకి ముందే ఎకో దండిగా వేసి ఉంటాడు. దాని పైన మన గిటార్ రిపీట్లు కూడా గట్టిగా, క్లియర్‌గా వచ్చి పడితే పాటలో మాట వినపడదు. నెల్లూరంటే గాయకుడు ఎస్పీ బాలుగారి ఊరు. ఇక్కడ ముందు వరసలో కూర్చున్న పెద్దవాళ్లు పాటలో ఒక్క అక్షరం నలిగినా పట్టేస్తారు.

అందుకే నేను పెడల్‌ని ఒక ప్రశ్నతోనే చూస్తాను. రిపీట్లు పాటకి దారి ఇస్తున్నాయా, లేదా?

అనలాగ్ డిలే దారి ఇస్తుంది. ఎందుకో తెలియాలంటే లోపల ఏం జరుగుతుందో కాస్త చూడాలి. 1969లో ఫిలిప్స్ పరిశోధనశాలలో సాంగ్‌స్టర్, టీర్ అనే ఇద్దరు బకెట్ బ్రిగేడ్ అనే సర్క్యూట్‌ని కనిపెట్టారు. ఇంటికి స్లాబ్ వేసే రోజు చూసుంటారు కదా, కూలీలు వరసగా నిలబడి కాంక్రీటు గమేళా ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి అందించుకుంటారు. ఈ చిప్‌లో వేల కొద్దీ చిన్న కెపాసిటర్లు అట్లా వరసగా ఉంటాయి. గిటార్ సిగ్నల్‌ని చిన్న చిన్న వోల్టేజీ ముక్కలుగా ఒకదాని నుంచి ఇంకొకదానికి అందిస్తూ పోతాయి. చివరికి చేరేసరికి పట్టిన సమయమే మన డిలే. అందించే వేగాన్ని క్లాక్ అంటారు. టైమ్ నాబ్ తిప్పితే మారేది ఆ క్లాకే. రిపీట్లు వస్తుండగా నాబ్ తిప్పినప్పుడు శ్రుతి పైకీ కిందకీ జారడం విన్నారా? లోపల సగం దారిలో ఉన్న సౌండ్ వేరే వేగంతో బయటికి వస్తుంది, అందుకు.

ఇప్పుడు చిన్న లెక్క. పానసోనిక్ పేరుతో వచ్చిన ఎంఎన్3005 చిప్‌లో 4096 మెట్లు, అంటే అందించుకునే అంచెలు ఉంటాయి. డీఎం-2డబ్ల్యూకి ముందు వచ్చిన పాత డీఎం-2లో మొదట వాడింది అదే. మెట్ల సంఖ్యని క్లాక్‌కి రెట్టింపుతో భాగిస్తే డిలే సమయం వస్తుంది. 300 మిల్లీసెకన్లు కావాలంటే క్లాక్ సెకనుకి సుమారు 6,800 సార్లే కొట్టాలి. అందులో సగం కంటే పైనున్న ఫ్రీక్వెన్సీలని ఈ చిప్ సరిగ్గా మోయలేదు. అంటే 3,400 హెర్ట్జ్ పైన ఉన్నదంతా ఫిల్టర్ పెట్టి ముందే తీసేయాలి. తీయకపోతే సన్నటి ఈల లాంటి రొద వస్తుంది. అనలాగ్ రిపీట్లు మెత్తగా, కొంచెం మసకగా ఉండటానికి అసలు కారణం ఇదే. మనిషి గొంతులో 'స' లాంటి హల్లుల స్పష్టత ఎక్కువగా ఆ పై భాగంలోనే ఉంటుంది. గిటార్ రిపీట్లు ఆ చోటు ఖాళీగా వదిలేస్తున్నాయి కాబట్టి సింగర్ మాట బతుకుతుంది. ఒక్కో రిపీట్ మళ్లీ అదే చిప్‌లోంచి, అదే ఫిల్టర్లోంచి వెళ్తుంది కనుక రెండోది ఇంకా మెత్తబడుతుంది, మూడోది ఇంకా. డిజిటల్ డిలే ఇట్లా చేయదు, మీరు వాయించిందే అచ్చంగా తిరిగి ఇస్తుంది. దాని అవసరం దానికి ఉంది. కానీ మన స్టేజీకి నా ఓటు అనలాగ్‌కే.

సరే, పెడల్స్ దగ్గరికి వద్దాం.

మొదట డీఎం-2డబ్ల్యూ. బాస్ వాళ్లు డీఎం-2ని 1981లో తెచ్చారు, 1984లో ఆపేశారు. అప్పటికి డీడీ-2 అనే డిజిటల్ పెడల్ వచ్చేసింది, అందరూ అటు వెళ్లారు. తర్వాత పాత డీఎం-2లని సెకండ్ హ్యాండ్‌లో వెతుక్కుని కొనడం మొదలైంది. దాంతో 2014లో వాజా క్రాఫ్ట్ సిరీస్‌లో దీన్ని మళ్లీ తెచ్చారు. నాబ్స్ మూడే: రిపీట్ రేట్ (టైమ్), ఎకో (రిపీట్లు ఎంత గట్టిగా), ఇంటెన్సిటీ (ఎన్ని రిపీట్లు). పక్కన ఒక చిన్న స్విచ్. ఎస్ వైపు పెడితే పాత డీఎం-2 లాగే 20 నుంచి 300 మిల్లీసెకన్లు. సీ వైపు పెడితే రిపీట్లు ఇంకొంచెం తేటగా, 800 మిల్లీసెకన్ల దాకా.

[ఎస్ మోడ్‌లో, తర్వాత సీ మోడ్‌లో]

ఎస్ మోడ్‌లో ఆ మొదటి రిపీట్ వినండి. పిక్ తగిలిన 'టక్' పోయింది, తీగ మోత మాత్రం మిగిలింది. పాత మెలొడీలకి ఇంటర్‌లూడ్‌లో లీడ్ బిట్ వాయించినప్పుడు ఇది ఎంత అందంగా ఉంటుందో చెప్పలేను. గిటార్ వెనక ఇంకో గిటార్ ఉన్నట్టు ఉండదు, గిటారే కొంచెం పెద్దదైనట్టు ఉంటుంది. రెండు అవుట్‌పుట్లు ఉన్నాయి, రిపీట్లని వేరుగా, అసలు గిటార్‌ని వేరుగా పంపుకోవచ్చు. ఎక్స్‌ప్రెషన్ పెడల్ పెట్టి కాలితోనే టైమ్ మార్చుకోవచ్చు. ట్యాప్ టెంపో, అంటే పాట తాళానికి స్విచ్ తట్టి టైమ్ కుదుర్చుకునే సదుపాయం, లేదు.

రెండోది కార్బన్ కాపీ. 2008లో వచ్చింది. అనలాగ్ డిలే అనగానే ఇప్పటి కుర్రాళ్లకి గుర్తొచ్చేది ఈ ఆకుపచ్చ పెడలే. ఇక్కడ నాబ్స్ పేర్లు రీజెన్ (ఎన్ని రిపీట్లు), మిక్స్ (రిపీట్లు ఎంత గట్టిగా), డిలే (టైమ్). 600 మిల్లీసెకన్ల దాకా వెళ్తుంది. పైన మాడ్ అని చిన్న బటన్ ఉంది, నొక్కితే రిపీట్లు సన్నగా ఊగుతాయి. ఆ ఊపు ఎంత ఉండాలి, ఎంత వేగం ఉండాలి అనేది పెడల్ లోపల రెండు చిన్న స్క్రూలతో సర్దుకోవాలి. అడుగు పలక విప్పితే కనపడతాయి. కంపెనీ సర్ది పంపిన ఊపు చాలామందికి సరిపోతుంది, నాకు మాత్రం కొంచెం తగ్గిస్తేనే బాగుంది. క్లీన్ టోన్‌లో ఆర్పెజియో (కార్డ్ స్వరాలు ఒక్కొక్కటిగా) వాయిస్తూ మాడ్ వేస్తే...

[ఆర్పెజియో, మాడ్ ఆన్]

...కీబోర్డు అన్న స్ట్రింగ్స్ ప్యాడ్ పట్టుకున్నట్టే ఉంటుంది. చర్చిలో ప్రార్థన జరుగుతున్నప్పుడు వెనక మెల్లగా వాయించడానికి నేను చేతికి తీసుకునేది ఇదే. మూడింటిలో ఎక్కువ మసకగా ఉండేది కూడా ఇదే. బ్యాండ్ మొత్తం గట్టిగా వాయిస్తుంటే రిపీట్లు అస్సలు వినపడవని కొందరు అంటారు. నిజమే, ఆ మాటకి నేను అడ్డు చెప్పను. మిక్స్ నాబ్ సగం దాటించాలి అంతే.

మూడోది బెహ్రింగర్ వీడీ400. ప్లాస్టిక్ డబ్బా. మిగతా రెండింటి ధరలో ఇది చిన్న భాగమే. ధరలు మారుతూ ఉంటాయి కాబట్టి అంకె చెప్పను, కొనే రోజు మీరే చూసుకోండి. ధర తక్కువని లోపల డిజిటల్ అనుకోవద్దు, ఇది నిజమైన బకెట్ బ్రిగేడ్ అనలాగే. గరిష్ఠం 300 మిల్లీసెకన్లు. టోన్ డీఎం-2 దారిలోనే ఉంటుంది. టైమ్ పూర్తిగా పెంచినప్పుడు మాత్రం హిస్ ఎక్కువ, వినండి.

[వీడీ400, టైమ్ ఫుల్]

ఆ 'స్స్' అనే శబ్దం. పెళ్లి మండపంలో ఇది ఎవరికీ వినపడదు. చర్చిలో అందరూ నిశ్శబ్దంగా ఉన్నప్పుడు వినపడుతుంది. ఇంకొకటి, డబ్బా గట్టిది కాదు. టెంపో బండిలో సామాను ఎక్కించేటప్పుడు స్పీకర్ స్టాండ్ పడితే పగులుతుంది. పెడల్ బోర్డుకి గట్టి మూత ఉంటేనే దీన్ని తీసుకెళ్లండి.

ఇప్పుడు కొనేముందు అందరూ చూడాల్సిన విషయం, ఎవరూ చూడనిది: మీ పాటల టెంపో, అంటే నిమిషానికి ఎన్ని బీట్లు (బీపీఎమ్). 60,000ని బీపీఎమ్‌తో భాగిస్తే ఒక బీట్‌కి ఎన్ని మిల్లీసెకన్లో వస్తుంది. అందులో సగం ఎయిత్ నోట్, ముప్పావు డాటెడ్ ఎయిత్. ఈ రోజుల్లో ఆరాధన పాటల్లో గిటార్ గలగలా పరిగెత్తినట్టు వినిపిస్తుందే, అది డాటెడ్ ఎయిత్. నెమ్మదిగా 70 బీపీఎమ్‌లో సాగే పాట తీసుకోండి. డాటెడ్ ఎయిత్‌కి సుమారు 643 మిల్లీసెకన్లు కావాలి. కార్బన్ కాపీ 600 దగ్గర ఆగిపోతుంది, అందదు. డీఎం-2డబ్ల్యూ సీ మోడ్‌కి అందుతుంది. వీడీ400కి ఆ ఊసే లేదు. 300 మిల్లీసెకన్లతో డాటెడ్ ఎయిత్ రావాలంటే పాట 150 బీపీఎమ్ ఉండాలి. అదే 100 బీపీఎమ్ పాటకి ఎయిత్ నోట్ సరిగ్గా 300. అంటే వీడీ400 ఫుల్‌గా తిప్పితే పని జరిగిపోతుంది. ఆర్కెస్ట్రాలో లీడ్ బిట్ కొంచెం నిండుగా ఉంటే చాలు అనుకునేవాళ్లకి 100 నుంచి 140 మిల్లీసెకన్లు, ఒక్క రిపీట్, అది మూడూ చేస్తాయి. దానికోసం పెద్ద పెడల్ కొనక్కర్లేదు. పాట పాటకీ టెంపో కచ్చితంగా కుదరాలంటే ఈ మూడూ వద్దు, ట్యాప్ టెంపో ఉన్నది చూసుకోండి. కార్బన్ కాపీలోనే డీలక్స్ మోడల్‌కి ఆ సదుపాయం ఉంది.

మన దగ్గర చాలా స్టేజీల మీద యాంప్ ఉండదు, గిటార్ నేరుగా మిక్సర్‌లోకే వెళ్తుంది. ఇది పెడల్ కంటే పెద్ద సమస్య. గిటార్ యాంప్ స్పీకర్ 5 కిలోహెర్ట్జ్ పైన బాగా పడిపోతుంది, హిస్ కూడా దాంతోపాటే తగ్గుతుంది. పెద్ద పీఏ బాక్సుల్లో ఆ అడ్డు లేదు, అంతా బయటికి వచ్చేస్తుంది. అందుకని చివర్లో క్యాబ్ సిమ్యులేటర్, అంటే గిటార్ యాంప్ స్పీకర్ సౌండ్‌ని అనుకరించేది, ఒకటి పెట్టండి. అది లేకపోతే మిక్సర్‌లో మీ ఛానల్‌కి హై తగ్గించమని అన్నని అడగండి. ముందు డిస్టార్షన్ పెడల్, దాని తర్వాత డిలే, ఈ వరస మర్చిపోకండి. ఇంటెన్సిటీ గానీ రీజెన్ గానీ మూడు వంతులు దాటిస్తే రిపీట్లు ఆగవు, తమంతట తామే పెరుగుతూ పోతాయి. రికార్డింగ్‌లో అది సరదా, మానిటర్ల ముందు మాత్రం చాలా ప్రమాదం.

కరెంటు సంగతి. మూడూ 9 వోల్టులే, మధ్య పిన్ నెగటివ్. కల్యాణమండపంలో సీరియల్ లైట్లు, డెకరేషన్ డిమ్మర్లు, మన బోర్డు అన్నీ ఒకే లైను మీద ఉంటాయి. జనరేటర్ మీదికి మారగానే 'గూఁ' అని మోత మొదలవుతుంది. ప్రతి పెడల్‌కి వేరు వేరుగా ఐసొలేటెడ్ అవుట్‌పుట్ ఇచ్చే పవర్ సప్లై కొనండి. దానికి పెట్టిన డబ్బు ఏ పెడల్ మీద పెట్టిన డబ్బుకంటే ముందు ఫలితం చూపిస్తుంది. ఇక మైపాడు, కొత్తపట్నం లాంటి సముద్రం పక్క ఊళ్లలో ఉండేవాళ్లు, ఉప్పుగాలికి నాబ్స్ కరకరమంటాయి, జాక్‌లు తుప్పు పడతాయి. బ్యాగులో సిలికా జెల్ పొట్లాలు వేసి ఉంచండి.

నన్ను అడిగితే, ఒక్కటే కొనగలిగి, ఆర్కెస్ట్రా, చర్చి రెండూ వాయించేవాళ్లు డీఎం-2డబ్ల్యూ తీసుకోండి. టైమ్ అందుతుంది, టోన్ రెండు రకాలు. చర్చిలో మాత్రమే, అదీ మెల్లటి వాయింపు ఎక్కువగా ఉంటే కార్బన్ కాపీ. కొత్తగా మొదలుపెట్టిన తమ్ముళ్లు, చెల్లెళ్లు వీడీ400తో హాయిగా మొదలుపెట్టండి. ముందు రిపీట్లు తక్కువ వాడటం నేర్పుతుంది అది.

చెన్నై వెళ్లి సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లు షాపులోనే ఇవి చూడండి. టైమ్ ఫుల్ పెట్టి, గిటార్ వాల్యూమ్ సున్నా చేసి హిస్ వినండి. నాబ్స్ అన్నీ మెల్లగా ఈ చివర నుంచి ఆ చివరకి తిప్పండి. బ్యాటరీ గదిలో తెల్లపొడి ఉందేమో చూడండి. ఇక పేరు తెలియని కంపెనీ మినీ పెడల్స్ మీద 'అనలాగ్' అని రాసి ఉంటుంది, లోపల పీటీ2399 అనే చిప్ ఉంటుంది. అది తైవాన్‌కి చెందిన ప్రిన్స్‌టన్ టెక్నాలజీ చేసిన డిజిటల్ చిప్, కరోకే మెషీన్లలో బాగా వాడారు. సౌండ్ చెడ్డది కాదు, అది కూడా మెత్తగానే ఉంటుంది. కానీ అనలాగ్ ధర అడిగితే ఇవ్వకండి. వీలైతే అడుగు పలక విప్పించి చిప్ మీద రాసిన నంబర్ చదివి, ఆ తర్వాతే బేరం మొదలుపెట్టండి.