కుళాయి బిగించాక అసలు పని

అధ్యక్షులకు, కాలనీ సంఘాల మిత్రులకు నమస్కారం.

మన పట్టణాల్లో పథకాల పేర్లు మారినంత త్వరగా భూమిలో పైపులు మారవు. 2005 డిసెంబరులో నెహ్రూ పేరిట పట్టణ నవీకరణ మిషన్ మొదలైంది. హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నం అందులో నిధులు తెచ్చుకున్నాయి. 2015 జూన్ 25న ఒకే రోజు 500 పట్టణాలకు అమృత్ అనే తాగునీటి, మురుగునీటి పథకం, 100 నగరాలకు స్మార్ట్ సిటీలు ప్రకటించారు. 2021 అక్టోబరులో వచ్చిన అమృత్ 2.0 అన్ని పట్టణాల్లోనూ ఇంటింటికీ కుళాయి ఇస్తామంది. మంచిదే.

అయితే కుళాయి ఇవ్వడం వేరు, అందులో ఎలాంటి నీళ్లు వస్తాయన్నది వేరు. రోజు విడిచి రోజు గంటసేపు నీళ్లు వదిలే లైన్‌నే తీసుకోండి. వాల్వ్ కట్టేయగానే పైపులో ప్రెషర్ పడిపోతుంది. పక్కనే మురుగు కాలువ ఉండి, జాయింటు దగ్గర సన్నటి చీలిక ఉన్నా చాలు, ఆ మురుగు లోపలికి దిగుతుంది. మళ్లీ నీళ్లు వదిలినప్పుడు మొదటి బిందెలో వచ్చే వాసన చాలాసార్లు అదే. దానికి తోడు మన ఘనకార్యం ఒకటి: కుళాయికే మోటారు బిగించి లాగేస్తాం, వీధి చివరి ఇంటికి గాలి మిగులుతుంది. ఇప్పుడు నవ్వుతున్నవాళ్లలో సగం మంది ఇళ్లలో ఆ మోటారు ఉంటుంది!

ఒడిశాలోని పూరీలో 2021 జులై నుంచి 24 గంటలూ కుళాయి నీళ్లే నేరుగా తాగేలా ఏర్పాటు చేశారు. ఎప్పుడూ ప్రెషర్ ఉంటే మురుగు లోపలికి రాదు, అంతే సూత్రం. నాకు పైపుల కన్నా అక్కడి ‘జలసాథీ’లు నచ్చారు. స్వయం సహాయక సంఘాల మహిళలే ఇంటింటికీ వెళ్లి మీటర్ చూస్తారు, నీటిని పరీక్షిస్తారు, బిల్లు వసూలు చేస్తారు. కట్టినదాన్ని నడిపే మనుషులు వీళ్లే.

మన దగ్గర తేడా కొట్టేది ఇక్కడే. అమృత్ 2.0లో లక్ష లోపు జనాభా ఉన్న ఊరికి ప్రాజెక్టు ఖర్చులో సగం, పది లక్షలు దాటిన నగరానికి పావు వంతు కేంద్రం ఇస్తుంది. అదంతా నిర్మాణానికే. పంపింగ్ కరెంటు బిల్లు, ఆపరేటర్ జీతం, క్లోరిన్ ఖర్చు చివరికి మున్సిపాలిటీ నెత్తినే పడతాయి. నీటి పన్ను పెంచుదామంటే కౌన్సిల్‌కు ఓట్ల టెన్షన్. ట్యాంకర్‌కు మాత్రం మనం కిక్కురుమనకుండా డబ్బులిస్తాం.

అందుకని మీ వార్డుకు కొత్త ట్యాంకు మంజూరైతే రెండే అడగండి. ఏడాదికి నడిపే ఖర్చెంత, ఎవరిస్తారు? చివరి ఇంటి కుళాయి దగ్గర క్లోరిన్ ఎవరు చూస్తారు? లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగిలి ఉండాలి. నీళ్లలో పరీక్ష రసాయనం చుక్కలు వేసి, వచ్చే పసుపు రంగును కార్డుతో పోల్చి చూసే చిన్న కిట్లు ఉన్నాయి. రెండు తెచ్చి ఆ బల్ల మీద పెట్టాం. సభ అయ్యాక ఇక్కడి కుళాయి నీళ్లతోనే చూద్దాం, రండి.